పసివాళ్ల ఫోటోలు - పరాయివాళ్ల బేరాలు

కాకి పిల్ల కాకికి ముద్దు అన్నారు పెద్దలు. అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. కన్నవాళ్లకు తమ బిడ్డ నవ్వు అందరి బిడ్డల నవ్వు కంటే అందంగా కనబడకపోతేనే ఆశ్చర్యపోవాలి. కృష్ణాష్టమి వస్తే దివిసీమ మొదలుకొని తెనాలి దాకా పసివాళ్లకు నెమలి ఈక పెట్టి, పట్టుపంచె చుట్టి, చేతికి పిల్లనగ్రోవి యిచ్చి ఫోటో తీయించడం వున్నదే. వెనుకటి రోజుల్లో ఆ ఫోటోకు పటం కట్టించి నట్టింట తగిలించేవారు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు చూసి మురిసిపోయి, వెళుతూ వెళుతూ బిడ్డకు దిష్టి తీయమని చెప్పిపోయేవారు. ఇప్పుడు అదే ఫోటో సెల్‌ఫోనులో నిమిషంలో వూరు దాటి, జిల్లా దాటి, ఎవరో ఏమిటో తెలియనివారి కంట పడుతోంది. చిక్కంతా అక్కడే మొదలవుతోంది.

"మీ పాప ఎంతో ముద్దుగా వుంది. ప్రకటనల్లో వేయిస్తాం. బిస్కట్ల కంపెనీవారు సరిగ్గా యిటువంటి పిల్లల కోసమే చూస్తున్నారు" అని ఒక కబురు వస్తుంది. మాట తీపిగానే వుంటుంది. ముందు పేరు నమోదుకు కొద్ది మొత్తం అడుగుతారు. చిన్న మొత్తమే కదా అని కడతారు. ఆ తరువాత ఆల్బమ్ అంటారు, దుస్తులంటారు, మేకప్ అంటారు, ఎంపిక పూర్తయింది గనుక ధరావతు కట్టాలంటారు. ఆఖరికి హైదరాబాదు రమ్మంటారు. నాట్ల రోజుల్లో కూలి మానుకుని, బిడ్డను చంకన వేసుకుని రాత్రి బండి ఎక్కిన తల్లికి తెల్లవారేసరికి ఆ ఫోను పలకదు. ఒకవేళ పలికినా యింకో పదివేలు పంపితే చెక్కు చేతికి వస్తుందనే మాటే వినిపిస్తుంది.

ఇది వట్టి వూహ కాదు. హైదరాబాదులో షాపింగు మాళ్లకు పిల్లలతో వచ్చిన తల్లిదండ్రులను పలకరించి, పిల్లలను మోడళ్లను చేస్తామని నమ్మించి డబ్బు గుంజిన వ్యవహారంలో 2022లో సైబరాబాదు పోలీసులు అరెస్టులు జరిపారు. మోసపోయినవాళ్లు చదువు రానివాళ్లేమీ కారు. నగరంలో వుండి, నాలుగూ తెలిసినవాళ్లే అలా చిక్కుకున్నారంటే పల్లెటూరి తల్లిదండ్రులను వెర్రివాళ్లని వెక్కిరించడానికి ఎవరికీ హక్కు లేదు. బిడ్డ మీది మమకారమే యిక్కడ పెట్టుబడి. ఆ పెట్టుబడి బీదవాడి దగ్గరా వుంది, కలవాడి దగ్గరా వుంది.

అయితే కృష్ణా డెల్టాలో ఈ ఆశకు వేళ్లు కొంచెం లోతుగానే వున్నాయి. బెజవాడ గాంధీనగరం వీధుల నిండా సినిమా పంపిణీ కార్యాలయాలు వున్న రోజులను చూసినవాళ్లు ఈ ప్రాంతంలో యింకా వున్నారు. గుడివాడ ప్రాంతపు కుర్రవాడు అక్కినేని నాగేశ్వరరావును బెజవాడ రైల్వే స్టేషనులో ఘంటసాల బలరామయ్య గారు చూడడం, ఆ కుర్రవాడు 1944లో 'శ్రీ సీతారామ జననం'లో రాముడు కావడం తాతలు మనుమలకు చెప్పే కథ. ప్లాట్‌ఫారం మీద నిలబడిన మనిషిని అదృష్టం పేరు పెట్టి పిలిచినట్టుగా ఆ కథ చెప్పుకుంటారు. కథలో సగం మాత్రం చెప్పడం మరచిపోతూ వుంటారు. బలరామయ్య గారి కంట పడేనాటికే నాగేశ్వరరావు గారు చిన్నతనం నుంచి వూరూరా నాటకాలాడి, ఆడవేషాలు కట్టి, ప్రేక్షకుల మెప్పు పొందినవారు. 1941లో 'ధర్మపత్ని'లో చిన్న వేషం కూడా వేసి వున్నారు. స్టేషనులో కనబడింది ముఖమే కావచ్చు. ఆ ముఖం వెనుక అప్పటికే ఎన్నో ఏళ్ల పని వుంది.

ఈ గడ్డ మీద పసివాళ్లను ప్రేక్షకుల ముందు నిలబెట్టడం కొత్త సంగతి కాదు. మొవ్వ పక్కనున్న కూచిపూడిలో పిల్లలకు అయిదారేళ్లకే కాళ్లకు గజ్జెలు కట్టి అడుగులు నేర్పేవారు. సురభి వారి నాటక కుటుంబాలలో నడక రాని బిడ్డ కూడా ఏదో ఒక కృష్ణుడిగా రంగం మీదికి వచ్చేవాడు. 1936లో చిత్తజల్లు పుల్లయ్య గారు పిల్లలతోనే 'సతీ అనసూయ' చిత్రం తీశారు. పశ్చిమ గోదావరి ప్రాంతంలో పుట్టిన కృష్ణవేణి గారు అందులో బాలనటిగా తెరకెక్కి, తరువాత కథానాయిక అయ్యారు, పాటలు పాడారు, నిర్మాత అయ్యారు. ఎన్.టి.రామారావు గారి తొలి చిత్రం 'మనదేశం' 1949లో ఆమె తీసిందే. నూరేళ్ల వయస్సులో 2025 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ నాటి పిల్లలందరి బతుకులూ పూలబాటలని ఎవరూ అనరు. దెబ్బలు తిన్న పిల్లలున్నారు, బడి ముఖం చూడని పిల్లలున్నారు. అయినా అడుగో, పద్యమో, పాటో ఒకటి వారికి దక్కింది. రంగం దిగిన తరువాత కూడా అది వారి దగ్గర వుండిపోయింది.

ఆరు నెలల పాప మోడలింగులో నేర్చుకునేది ఏముంటుంది? అక్కడ కావలసింది విద్య కాదు, ఆ నెలలో ఆ బిడ్డకు వున్న బుగ్గలు. పై నెలకు పళ్లు వస్తాయి, ముఖం మారుతుంది, మరో బిడ్డను వెదుక్కుంటారు. వేలు పోసి తీయించిన ఆల్బమ్ మూడు నాలుగు నెలలకే పనికిరాకుండా పోయేది యిందుకే. శిశువుల విషయంలో నిజమైన ప్రకటనల సంస్థలకు ఆల్బమ్ అవసరమే వుండదు. పగటి వెలుతురులో సెల్‌ఫోనుతో తీసిన రెండు మామూలు ఫోటోలు, బిడ్డ పుట్టిన తేదీ చాలు. ఎంపిక అయితే వారే డబ్బు యిస్తారు, దారి ఖర్చులు కూడా వారే భరిస్తారు. బిడ్డ తరఫున ముందుగా డబ్బు కట్టమన్నవాడు ఫోటోలు అమ్ముకునే వర్తకుడైనా అయి వుండాలి, మోసగాడైనా అయి వుండాలి. వాడి దగ్గర పని మాత్రం వుండదు.

ఇటువంటి మాయమాటల్లో కొన్నింటిని యింట్లో కూర్చునే పసిగట్టవచ్చు. "మీ బాబు బొమ్మ పాలపొడి డబ్బా మీద వేయిస్తాం" అని ఎవరైనా అంటే ఆ మాట అక్కడికక్కడే అబద్ధమని తెలుసుకోవాలి. తల్లిపాలకు బదులు వాడే పాలపొడులు, పాలసీసాలు, శిశు ఆహారాల మీద 1992లో కేంద్ర ప్రభుత్వం చట్టం చేసింది. 2003లో దాన్ని మరింత బిగించింది. ఆ సరుకులకు ప్రకటనలే యివ్వరాదు. పాలపొడి డబ్బా మీద శిశువు బొమ్మ గానీ, స్త్రీ బొమ్మ గానీ వేయరాదు. బొద్దుగా వున్న బిడ్డ బొమ్మ చూసి తల్లులు తమ పాలు మానిపించి డబ్బా పాలకు మళ్లుతున్నారనే ఆ నిషేధం వచ్చింది. అనుమానం వున్నవారు మందుల షాపుకు వెళ్లి డబ్బా తిప్పి చూసుకోవచ్చు.

పార్లే-జి బిస్కట్ల పొట్లం మీది పాప సంగతి మరీ విచిత్రం. ఆ పాప ఫలానా ఆవిడ అని ఏళ్ల తరబడి దేశమంతా చెప్పుకున్నారు. ఎవరెవరి పేర్లో ప్రచారంలోకి వచ్చాయి. అది ఏ పాప ఫోటో కాదు, 1960లలో చిత్రకారుడు గీసిన బొమ్మ అని కంపెనీవారే చెప్పారు. అంటే దేశంలో అందరికంటే ఎక్కువమంది గుర్తుపట్టే బిస్కట్ల పాప అసలు పుట్టనే లేదు. ఇక బెజవాడలో సంతాన సాఫల్య కేంద్రాల బోర్డుల మీద నవ్వే బిడ్డలను గమనించండి. నీలికళ్లు, బంగారు జుట్టు. కృష్ణ ఒడ్డున పుట్టిన పోలికలు చాలామందిలో కనబడవు. ఏ దేశంలోనో తీసి, రుసుము కడితే ఎవరికైనా దొరికే ఫోటోలు అవి. ఇంటి పక్క బిడ్డను పిలిచి, తల్లికి డబ్బిచ్చి, ఫోటో తీసే శ్రమ ఎందుకని కొనుక్కుంటున్నారు. పిల్లలకు నిజంగా దొరికే అవకాశాలు ఎన్నో యిక్కడే తెలిసిపోతోంది. నల్లగా వున్నవారిని తక్కువగా చూపించే ప్రకటనలు తగవని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లోనే నియమం పెట్టుకుంది. బోర్డుల మీది పిల్లలను ఎంపిక చేసేవారికి ఆ సంగతి ఇంకా చేరినట్టు లేదు. సెల్‌ఫోనులో బిడ్డ రంగు తెల్లగా మార్చి పంపే తల్లులు కూడా ఈ నీలికళ్ల బోర్డులు చూసి చూసి అలా అయినవారే.

మోసం సంగతి అలా వుంచి, పని నిజమైనదే అనుకుందాం. అప్పుడు బిడ్డకు ఏ రక్షణ వుంది? చాలామందికి తెలియని విషయం ఏమంటే, చట్టం వుంది. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టడం పూర్తిగా నిషేధించారు. సినిమాలు, టీవీ ధారావాహికలు, ప్రకటన చిత్రాలలో కళాకారులుగా పాల్గొనడానికి మాత్రం షరతులతో మినహాయింపు యిచ్చారు. ఆ షరతులు 2017 నియమాలలో వున్నాయి. షూటింగు ఏ జిల్లాలో జరుగుతుందో ఆ జిల్లా కలెక్టరు అనుమతి నిర్మాత ముందుగా తీసుకోవాలి. పాల్గొనే పిల్లల జాబితా, తల్లిదండ్రుల అంగీకారం, పిల్లల భద్రతకు బాధ్యుడైన మనిషి పేరు రాసి యివ్వాలి. అయిదుగురు పిల్లలకు ఒక బాధ్యుడు తప్పనిసరి. రోజుకు అయిదు గంటలకు మించి, విశ్రాంతి లేకుండా మూడు గంటలకు మించి పని చేయించరాదు. వరుసగా 27 రోజులు దాటరాదు. బడి చదువు ఆగరాదు. బిడ్డకు యిష్టం లేకుండా పాల్గొనేట్టు చేయరాదు. వచ్చిన ఆదాయంలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో బిడ్డ పేర ఫిక్సెడ్ డిపాజిట్ వేయాలి. మేజరు అయిన తరువాత ఆ సొమ్ము బిడ్డకే చెందాలి.

బెజవాడలో చీరల దుకాణం ప్రకటన చిత్రం తీసినా యివే నియమాలు, బొంబాయిలో సబ్బుల కంపెనీ తీసినా యివే నియమాలు. పిల్లలతో డబ్బు కోసం జరిపే ఫ్యాషన్ షోలకు కూడా కలెక్టరు అనుమతి కావాలి. "కలెక్టరు గారి అనుమతి కాగితం చూపించండి, డిపాజిట్ ఏ బ్యాంకులో వేస్తారు?" అని రెండు ప్రశ్నలు అడిగితే మోసగాళ్లలో చాలామంది అక్కడి నుంచే మాయమవుతారు. నిజమైనవారికి అయితే ఆ ప్రశ్నలు కష్టమనిపించవు. చట్టాన్ని మీరి బిడ్డను వ్యాపారానికి వినియోగించనిచ్చిన తల్లిదండ్రులు కూడా శిక్షకు బాధ్యులు కావచ్చునన్న సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

అయితే ఈ నియమాలలో పెద్ద లొసుగు ఒకటి వుంది. పదమూడేళ్ల పిల్లవాడికీ అయిదు గంటలే, పాలు తాగే పసిగుడ్డుకూ అయిదు గంటలే. పసిబిడ్డకు అయిదు గంటల పాటు దీపాల వేడి, జనం సందడి, మారుతున్న చేతులు అంటే ఏమిటో పిల్లలను పెంచిన ఏ అమ్మమ్మను అడిగినా చెబుతుంది. అమెరికాలో సినిమాల కేంద్రమైన కాలిఫోర్నియాలో ఆరు నెలల లోపు శిశువును పని స్థలంలో రెండు గంటలకు మించి వుంచరాదు. అందులో కెమెరా ముందు యిరవై నిమిషాలు దాటరాదు. దగ్గర నర్సు వుండాలి. కంటి మీద పడే వెలుతురుకు కూడా హద్దు పెట్టారు. ఇక్కడ జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2022లో ఒక ముసాయిదా తయారుచేసి, మూడు నెలల లోపు శిశువులను తల్లిపాల, టీకాల ప్రచారానికి తప్ప మరి దేనికీ చూపించరాదని ప్రతిపాదించింది. ముసాయిదాలో వున్న మంచిమాట నియమాలలోకి ఎక్కితేనే పసివాళ్లకు ప్రయోజనం.

బిడ్డ పేర డిపాజిట్ నిబంధన వెనుక కూడా ఒక కథ వుంది. చార్లీ చాప్లిన్ 1921లో తీసిన 'ది కిడ్' చిత్రంలో చిరిగిన టోపీతో కనబడే పిల్లవాడిని పాత ప్రేక్షకులు ఎరుగుదురు. పేరు జాకీ కూగన్. బాల్యంలో లక్షలాది డాలర్లు సంపాదించాడు. పెద్దవాడై తన డబ్బు ఏదని అడిగితే తల్లి, సవతి తండ్రి దాదాపు అంతా ఖర్చు చేసేశారని తేలింది. 1938లో కన్నతల్లి మీద దావా వేశాడు. దక్కింది కొద్దిపాటి మొత్తమే. ఆ గొడవ చూసిన కాలిఫోర్నియా ప్రభుత్వం 1939లో బాలనటుల సంపాదనలో కొంత భాగం విడిగా దాచాలని చట్టం చేసింది. ఇక్కడి 20 శాతం నియమం వచ్చేసరికి మరో డెబ్బయి ఎనిమిదేళ్లు పట్టింది.

ఇప్పుడు మరో రకం వచ్చింది. మధ్యవర్తీ లేడు, కంపెనీ లేదు. తల్లిదండ్రులే ఫోను పట్టుకుని బిడ్డ నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా వీడియోలు తీసి యూట్యూబులో, ఇన్‌స్టాగ్రాములో పెడుతున్నారు. చూసేవారు పెరిగితే దుకాణాలవారు సరుకులు పంపుతారు, డబ్బు కూడా వస్తుంది. ఇంట్లో జరిగేది గనుక కలెక్టరు అనుమతి అడిగేవారు లేరు, గంటలు లెక్కపెట్టేవారు లేరు, బిడ్డ వాటా దాచేవారు లేరు. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రం 2024 నుంచి యిటువంటి వీడియోల ఆదాయంలోనూ పిల్లలకు వాటా దాచాలని చట్టం అమలు చేస్తోంది. ఇక్కడ అంత దూరం పోకపోయినా, బిడ్డ ఏడుస్తున్నా "ఇంకోసారి నవ్వు నాన్నా" అని ఫోను దించని యిళ్లల్లో పెద్దవాళ్లు ఆ ఫోను కాసేపు దాచేస్తే బాగుంటుంది. స్నానం చేయిస్తున్న ఫోటోలు, వంటి మీద బట్ట లేని ఫోటోలు ఎవరు అడిగినా, ఏ కంపెనీ పేరు చెప్పి అడిగినా పంపకూడదు. అటువంటివి అడగడమే నేరపు ఆనవాలు. ఆధార్ కాగితాలు, బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ అంకెలు కూడా అంతే.

పిల్లలను ప్రకటనల్లో చూడాలనే కోరికే పాపమని ఎవరూ అనడం లేదు. బిడ్డ హుషారుగా వుండి, పని స్థలం దగ్గరలో వుండి, కాగితాలు సక్రమంగా వుండి, తల్లి పక్కనే కూర్చునే వీలు వుంటే ఒక పూట వెళ్లి రావడంలో ప్రమాదం లేదు. ఒక బిడ్డ అవసరమైన చోట ముగ్గురు నలుగురిని రప్పించి వుంచడం ఆ వ్యాపారంలో మామూలే. ఒకరు నిద్రపోతే మరొకరు. తమ బిడ్డను పక్కన పెట్టారని ఆ తల్లి కళ్లనీళ్లు పెట్టుకోవలసిన పని లేదు. నిద్ర వేళకు నిద్రపోయిన బిడ్డ చేసిన తప్పేమీ లేదు. బిడ్డకు జ్వరం వుంటే, టీకా వేయించిన మర్నాడయితే, ఎంత పెద్ద కంపెనీ అయినా ప్రయాణం మానుకోవాలి. బిడ్డ సంపాదన మీద లెక్కలు వేసి అప్పు చేయడం మాత్రం ఎన్నడూ తగదు. కౌలుకు పొలం చేసే రైతు కూడా నారు చూడకుండా పంట మీద అప్పు తీసుకోవడానికి జంకుతాడు.

మోసపోయినవారు సిగ్గుపడి వూరుకోవడం మోసగాళ్లకు పెద్ద అండ అవుతోంది. "నలుగురూ నవ్వుతారు" అని భర్తకు భార్య, అత్తకు కోడలు చెప్పకుండా దాచేస్తున్నారు. డబ్బు పంపిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేస్తే ఆ సొమ్ము చేతులు మారకముందే నిలిపే వీలుంటుంది. ఆలస్యమైన కొద్దీ ఆ వీలు తగ్గిపోతుంది. పిల్లలను బలవంతంగా పని చేయిస్తున్నట్టు తెలిస్తే 1098కి చెప్పవచ్చు.

ఇక అధికారుల సంగతి. విజయవాడలోను, మచిలీపట్నంలోను, ఏలూరులోను, గుంటూరులోను కలెక్టరు కార్యాలయాలు వున్నాయి. పిల్లలతో ప్రకటన చిత్రాలు తీసేవారికి యిచ్చిన అనుమతుల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టడానికి పైసా ఖర్చు లేదు. కార్మిక శాఖవారు ఆ 2017 నియమాలను సులువైన తెలుగులో ఒక్క పేజీలో అచ్చు వేయించి పంచాయతీ కార్యాలయాల గోడల మీద, అంగన్‌వాడీ కేంద్రాలలో అంటించవచ్చు. అంగన్‌వాడీకి తల్లులు బిడ్డ బరువు తూయించుకోవడానికి ఎలాగూ వస్తారు. తూకం అయ్యేలోపు చదువుకుంటారు. రాని వారికి పక్కనున్నవారు చదివి వినిపిస్తారు. వచ్చే కృష్ణాష్టమికి ముందే ఆ కాగితం గోడకెక్కితే, ఆ రోజు తీసే ఫోటోలకు వచ్చే కబుర్లకు ఏమని జవాబు చెప్పాలో తల్లులకు తెలిసి వుంటుంది.